కార్టిసాల్ 4.2 అంటే అడ్రినల్ దెబ్బతిన్నట్టేనా?

మురళీనగర్ గుంటడు:
పొద్దున్నుంచి రిపోర్టులు ముందేసుకుని కూర్చున్నాను, బుర్ర వేడెక్కిపోయింది. అమ్మకి 61. వారం పైనే నీరసం, తిండి చూస్తేనే వికారం. నిన్నట్నుంచి వాంతులు. లేచి నిలబడితే తూలిపోతోంది. సోడియం 127, పొటాషియం 4.4, కార్టిసాల్ 4.2. వీధి చివర క్లినిక్‌లో సెలైన్ ఎక్కించి పంపేశారు. ఒకరు కిడ్నీ అంటారు, ఇంకొకరు గ్యాస్ అంటారు. అడ్రినల్ లోపమా కాదా, సూటిగా చెప్పండి బాబూ.

ఉప్పుగాలి:
మన వైజాగ్ ఉక్కకి చెమటలో ఉప్పు పోతుందండీ. ఓఆర్‌ఎస్ పట్టండి. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసుకి చెంచాడు చొప్పున వేస్తారు చాలామంది, అది శుద్ధ తప్పు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి.

తెల్లకోటు:
రక్తం ఎన్నింటికి తీశారు?

మురళీనగర్ గుంటడు:
సాయంత్రం అయిదున్నరకి. టైముతో పనేంటి?

తెల్లకోటు:
పనంతా దానితోనే. కార్టిసాల్ అంటే కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథి వదిలే హార్మోను. అది తెల్లవారుజామున పెరిగి సాయంత్రానికి తగ్గిపోతుంది. సాయంత్రం 4.2 మామూలు మనిషికీ రావచ్చు. ఉదయం 8కి తీస్తే 3 కన్నా తక్కువ ఉంటే లోపం దాదాపు ఖాయం, 15 దాటితే దాదాపు లేనట్టే. మధ్యలో ఉంటే ఏసీటీహెచ్ (అడ్రినల్‌ని పనిచేయించే హార్మోను) ఇంజెక్షన్ ఇచ్చి మళ్లీ చూస్తారు. ఆవిడ ఏం మందులు వాడుతున్నారు?

పాతపుస్తకం:
ఇది అడిసన్స్ వ్యాధే. థామస్ అడిసన్ 1855లోనే రాశాడు. మన దేశంలో టీబీ వల్ల కూడా వస్తుంది, ముందు టీబీ చూపించండి.

తెల్లకోటు:
మేస్టారూ, అడిసన్స్ అంటే గ్రంథే పాడవడం. అప్పుడు అదే గ్రంథి వదిలే ఇంకో హార్మోను ఆల్డోస్టెరాన్ కూడా తగ్గి పొటాషియం పెరుగుతుంది, అరచేతి గీతలు, చిగుళ్లు నల్లబడతాయి. ఇక్కడ పొటాషియం 4.4, మామూలే. గ్రంథి బాగానే ఉండి, పైనుంచి, అంటే మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి నుంచి, ఆర్డరు రాకపోయినా కార్టిసాల్ పడిపోతుంది. రెండింటినీ ఒకే పేరుతో పిలవకండి.

పాతపుస్తకం:
తెలుగులో రెండూ అధివృక్క లోపమే కదా.

మురళీనగర్ గుంటడు:
మందులంటే బీపీ మాత్ర ఒకటే. మోకాళ్ల నొప్పులకి చిన్న మాత్ర రోజుకి రెండు, ఏడు నెలలు వేసుకుంది. కడుపులో మంట అంటే పది రోజుల కిందట మాన్పించాం. పాత స్ట్రిప్పు మీద డెక్సామెథసోన్ 0.5 అని ఉంది.

తెల్లకోటు:
ఇది మొదటే చెప్పాల్సిన ముక్క! అది స్టెరాయిడ్. రోజుకి 1 మి.గ్రా. అంటే ప్రెడ్నిసొలోన్ ఆరేడు మి.గ్రా. లెక్క. నెలల తరబడి బయటినుంచి అందుతుంటే పిట్యూటరీ ఏసీటీహెచ్ పంపడం మానేస్తుంది, అడ్రినల్ నిద్రపోతుంది. ఒక్కసారి ఆపేస్తే లేవడానికి నెలలు పడుతుంది. ఈలోగా బీపీ నిలవదు. కార్టిసాల్ లేక ఒంట్లో నీరు నిలిచిపోయి సోడియం పలచబడుతుంది. ఓఆర్‌ఎస్‌తో తేలే పని కాదు.

వాంతులతో మాత్ర నిలవదు, ఇంట్లో మళ్లీ మొదలుపెట్టి చూద్దామనుకోకండి. ఇప్పుడే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. స్ట్రిప్పు పట్టుకెళ్లి, లోపలికి వెళ్తూనే ‘స్టెరాయిడ్ పది రోజుల కిందట ఆపేశాం’ అని చెప్పండి. హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. ఇంజెక్షన్, సెలైన్, షుగర్ చూడటం వెంటనే జరగాలి. రిపోర్టు కోసం ఇంజెక్షన్ ఆపకూడదు.

క్యాజువాలిటీ:
కేజీహెచ్‌కి పొండి. 108కి కొట్టండి. రేపటిదాకా ఆగొద్దు.

ఉప్పుగాలి:
ఓఆర్‌ఎస్ తప్పని నేననలేదే.

పాతపుస్తకం:
తెల్లకోటు గారూ, అధివృక్కం అంటే వృక్కం మీదున్నది. పిట్యూటరీ వల్ల వచ్చినదాన్ని ద్వితీయ అధివృక్క లోపం అనొచ్చు. పదం ఉంది మనకి.

తెల్లకోటు:
అనండి. ముందు ఇంజెక్షన్ పడనీండి.

మురళీనగర్ గుంటడు:
బండిలో ఉన్నాం. స్ట్రిప్పు జేబులో ఉంది. థ్యాంక్స్.

సీతమ్మధార:
మా మావయ్యగారు ఆయాసానికి పీల్చే మందు నాలుగేళ్లుగా వాడుతున్నారు. దానిక్కూడా ఇలా అవుతుందా?