అప్‌డేట్: బురద నీళ్ళలో పండుగప్పకి ఏ ల్యూర్ పనిచేసిందంటే

అంతర్వేది దగ్గర గోదావరి వశిష్ఠ పాయలో పండుగప్ప చేపకి వెండి రంగు ల్యూర్లు (కొక్కెం ఉన్న నకిలీ ఎరలు) వేసి మూడు వారాలు ఖాళీ చేతులతో వచ్చానని, ఏం మార్చాలని పోయిన నెల అడిగాను కదా. మీరు చెప్పినట్టే జిగ్ హెడ్ (బరువు తల ఉన్న కొక్కెం), దానికి తొడిగే రబ్బరు చేప కొన్నాను. రంగు నలుపు. బురద నీళ్ళలో నలుపేంటని మా బావ నవ్వాడు. కానీ అక్కడ మెరుపు కన్నా ముదురు నీడ, తోక కదలికే చేపకి బాగా తెలుస్తాయి.

నిన్న పాటు (పోటు నీళ్ళు వెనక్కి తగ్గడం) మొదలయ్యాక, మడ చెట్ల మధ్య నుంచి నీళ్ళు పాయలోకి దిగే చోట వేసి, అడుగుకి తగిలేలా నెమ్మదిగా దారం చుట్టాను. నాలుగోసారికే చేప కొట్టింది! గట్టు దాకా వచ్చి దారం తెంచుకుపోయింది. తప్పు నాదే, లీడర్ (ల్యూర్‌కి ముందు కట్టే దారం ముక్క) సన్నది కట్టాను. దాని మొప్ప రేకు బ్లేడులా కోసేస్తుంది. లావుది కట్టాక రెండోది దక్కింది, కేజీన్నర. పులుసు మాత్రం బావే ఎక్కువ తిన్నాడు.