నియంత్రణ ప్రమాదానికి ముందు రావాలా, తర్వాత రావాలా?

ప్రశ్న

ఛాతీ ఎక్స్‌రేలను చూసి, వైద్యుడు తక్షణం చూడవలసినవాటిని వరుసలో ముందుకు తెచ్చే కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్‌ను మా చిన్న బృందం తయారు చేస్తోంది. ఇలాంటివాటిపై ప్రభుత్వ నియంత్రణ ఎంత ఉండాలన్న విషయంలో మాలో మాకే ఏకాభిప్రాయం లేదు.

ఒక వర్గం 1865 నాటి బ్రిటన్ చట్టాన్ని చూపిస్తుంది. ఆవిరి బండ్లు బయట దారుల్లో గంటకు 4 మైళ్లు, ఊళ్లలో 2 మైళ్లు మించి పోకూడదు. బండికి 60 గజాల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. 1896లో ఆ ఆంక్షలను సడలించేదాకా అక్కడ మోటారు బండి తలెత్తలేదని వీరి వాదన. రెండో వర్గం గర్భిణులు కూడా వాడిన థాలిడమైడ్ అనే మందును చూపిస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థలో ఫ్రాన్సెస్ కెల్సీ అనే అధికారిణి, కంపెనీ ఎంత ఒత్తిడి తెచ్చినా, ఆధారాలు చాలవంటూ అనుమతి ఇవ్వలేదు. ఆ మందు అమ్మిన దేశాల్లో వేలమంది పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు.

రెండూ నిజాలే కాబట్టి చర్చ అక్కడే ఆగిపోతోంది. కొత్త సాంకేతికతను మార్చడం సులువుగా ఉన్న రోజుల్లో దాని హాని తెలియదని, హాని తెలిసేనాటికి అది పాతుకుపోయి మార్చడం కష్టమవుతుందని 1980లో డేవిడ్ కాలింగ్‌రిడ్జ్ అనే పరిశోధకుడు అన్నాడు. మేము సరిగ్గా ఆ చిక్కులోనే ఉన్నాం. ప్రమాదకరమైన సాంకేతికతతో రోజూ పని చేసేవారు చెప్పండి: మీ రంగంలో ఏ నియమం నిజంగా ప్రాణాలు కాపాడింది? ఏది కాగితాలు పెంచింది?

జవాబు 1 (విమాన రవాణా రంగం నుంచి)

ముందుగా ఏ నియంత్రణ గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. అమెరికాలో 1938 నుంచి విమాన మార్గాలనూ టిక్కెట్ ధరలనూ ఒక ప్రభుత్వ మండలి నిర్ణయించేది. నలభై ఏళ్లలో ఆ మండలి దేశవ్యాప్త మార్గాల్లో నడిచే కొత్త పెద్ద సంస్థ ఒక్కదాన్నీ రానివ్వలేదు. అప్పటికే ఉన్నవారిని పోటీ నుంచి కాపాడడమే దాని పనిగా మారింది. 1978లో చట్టం చేసి ఆ అధికారాన్ని తొలగించారు. భద్రత నియమాల జోలికి మాత్రం పోలేదు. విమానం ఎగరడానికి యోగ్యమా కాదా అని చూసే సంస్థ వేరే ఉంది, అది అలాగే కొనసాగింది. కొత్త సంస్థలు వచ్చాయి, ధరలు తగ్గాయి, భద్రత కూలిపోలేదు.

మీ బృందంలో నియంత్రణ అంటే భయపడేవారి భయం మొదటి రకానికి, అంటే మార్గాలనూ ధరలనూ నిర్ణయించే నియంత్రణకు, సరిగ్గా వర్తిస్తుంది. పెద్ద కంపెనీలే ముందుకొచ్చి 'మాకు లైసెన్సులు పెట్టండి' అని అడిగినప్పుడు ఆ లైసెన్సు ఎవరిని బయట నిలబెడుతుందో చూడండి.

మా రంగంలో ప్రాణాలు కాపాడినది ఏమిటని అడిగారు. 1976లో మొదలైన ఒక ఏర్పాటు గురించి చెబుతాను. తృటిలో తప్పిన ప్రమాదాలను పైలట్లు, నియంత్రణ గదుల ఉద్యోగులు రహస్యంగా రాసి పంపవచ్చు. వాటిని తీసుకునేది జరిమానా వేసే సంస్థ కాదు, నాసా. వివరాలు సరిచూసుకున్నాక పంపినవారి గుర్తులు చెరిపేసి మిగతా రంగానికంతటికీ చెబుతారు. ఇంత చవకగా ఇంత మేలు చేసిన నియమం నాకు మరొకటి కనబడలేదు.

జవాబు 2 (రేడియేషన్ ఫిజిసిస్టు)

నేను క్యాన్సర్ ఆసుపత్రిలో పని చేస్తాను. కిరణ చికిత్స యంత్రం ఇస్తానని తెరమీద చూపే మోతాదునే నిజంగా ఇస్తోందా అని కొలవడం నా పని. రోజూ మొదటి రోగి రాకముందే కిరణం పెట్టి కొలుస్తాం. ఉండవలసిన విలువకు 3 శాతం మించి తేడా వస్తే కారణం తేలేదాకా రోగిని లోపలికి పంపం. తర్వాత కిరణం వస్తుండగానే గది తలుపు తీసి చూస్తాం. తలుపు కదిలిన క్షణంలో కిరణం ఆగాలి. ఆ తలుపు మీట యంత్రంలోని సాఫ్ట్‌వేర్ అనుమతి కోసం ఎదురుచూడదు, నేరుగా కిరణానికి వెళ్లే కరెంటునే ఆపేస్తుంది. ఈ పద్ధతి వెనక ఉన్న కథ మీ బృందం తప్పకుండా తెలుసుకోవాలి, ఎందుకంటే అది సాఫ్ట్‌వేర్ కథ.

థెరాక్-25 అనే యంత్రాన్ని కెనడాకు చెందిన ఒక ప్రభుత్వరంగ సంస్థ తయారు చేసింది. అమెరికా, కెనడాల్లో కలిపి 11 యంత్రాలు అమర్చారు. దానికి ముందు వచ్చిన థెరాక్-20లో తప్పు మోతాదు వెలువడకుండా విడిగా విద్యుత్ అడ్డుకట్టలు ఉండేవి. కొత్త యంత్రంలో వాటిని తీసేసి ఆ బాధ్యతను కంప్యూటర్‌కు అప్పగించారు. ప్రోగ్రాములో కొంత భాగం పాత యంత్రాల నుంచి వచ్చినదే. అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి అది నమ్మదగినదని అనుకున్నారు.

1985 జూన్ నుంచి డిసెంబరు దాకా మూడు ఆసుపత్రుల్లో రోగులకు విపరీతమైన మోతాదు తగిలింది. రెండో ఘటన తర్వాత తయారీ సంస్థ ఒక చిన్న స్విచ్‌ను అనుమానించింది. ఆ లోపాన్ని తాను మళ్లీ పుట్టించి చూడలేకపోయినా దాన్ని సరిచేశామని, యంత్రం భద్రత లక్ష రెట్లు పెరిగిందని ఆసుపత్రులకు చెప్పింది. ఈ మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. కొలవనిదానికి సంఖ్య ఎలా పెడతారు?

1986 మార్చిలో టెక్సస్‌లో జరిగినది వివరంగా చెప్పాలి. ఆపరేటర్ అనుభవం ఉన్న మనిషి, చకచకా టైపు చేస్తుంది. ఎలక్ట్రాన్ చికిత్సకు 'ఇ' కొట్టవలసిన చోట ఎక్స్‌రేకు కొట్టే 'ఎక్స్' కొట్టింది. వెంటనే చూసుకుని, బాణం మీటతో పైకి వెళ్లి దిద్దింది. లోపల అయస్కాంతాలు సర్దుకోవడానికి సుమారు 8 సెకన్లు పడుతుంది. ఆలోపు దిద్దితే తెర మారుతుంది, యంత్రం లోపల మాత్రం సగం పాత అమరికే మిగిలిపోతుంది. కిరణం పెట్టగానే 'మాల్‌ఫంక్షన్ 54' అని తెరమీద వచ్చింది. దాని అర్థమేమిటో ఆసుపత్రికి ఇచ్చిన పుస్తకాల్లో సరైన వివరణ లేదు. ఆమె 202 యూనిట్లు అడిగితే 6 మాత్రమే వెళ్లాయని తెర చెప్పింది. అలాంటి సందేశాలు రోజూ వచ్చేవే కాబట్టి, కొనసాగించమని 'పి' నొక్కింది. గదిలో రోగికి అప్పటికే కరెంటు షాకు కొట్టినట్టు తగిలి లేవబోతున్నాడు. రెండోసారీ తగిలింది. ఆ రోజు గదిలోని కెమెరా తీగ ఊడి ఉంది, మాట వినిపించే పరికరం పాడైపోయి ఉంది. ఆ రోగి కొన్ని నెలలకు చనిపోయాడు.

తయారీ సంస్థ ఇంజినీర్లు వచ్చి చూసి, ఈ యంత్రం అధిక మోతాదు ఇవ్వడం సాధ్యం కాదన్నారు. మరెక్కడా ఇలాంటివి జరిగినట్టు తమకు తెలియదన్నారు. యంత్రం మళ్లీ వాడకంలోకి వచ్చింది. ఏప్రిల్‌లో అదే యంత్రం, అదే ఆపరేటర్, అదే 54. ఈసారి ఆ ఆసుపత్రి ఫిజిసిస్టు యంత్రాన్ని ఆపేసి, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ దిద్దుబాటును ఎంత వేగంగా చేస్తే ఆ సందేశం వస్తుందో పట్టుకున్నాడు. లోపం దొరికింది అలా. దాన్ని పట్టుకున్నది తయారీదారూ కాదు, నియంత్రణ సంస్థా కాదు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. ఇది అనుమతి లేకుండా వచ్చిన యంత్రం కాదు. మార్కెట్లో ఉన్న యంత్రాలకు సమానమైనదేనని తయారీదారు చూపితే రానిచ్చే పద్ధతిలో దర్జాగా వచ్చింది. అంటే అనుమతి దశ ఏమీ పట్టుకోలేదు. పోనీ తర్వాతి దశ? ప్రమాదాలను నివేదించవలసిన బాధ్యత అప్పట్లో తయారీదారు మీదే ఉంది, ఆసుపత్రుల మీద లేదు. ఒక ఆసుపత్రిలో జరిగినది మరొక ఆసుపత్రికి తెలియాలంటే ఆ తయారీదారు నోరు విప్పాలి. ఆసుపత్రులు కూడా నివేదించి తీరాలన్న అమెరికా చట్టం 1990లో వచ్చింది. మూడు ఘటనల సంగతి టెక్సస్ ఫిజిసిస్టుకు తెలిసి ఉంటే మార్చి తర్వాత ఆ యంత్రాన్ని అతను తిరిగి వాడనిచ్చేవాడు కాడని నా నమ్మకం.

మరొక్క సంగతి. ఇదే లోపం పాత థెరాక్-20 ప్రోగ్రాములోనూ ఉందని తర్వాత బయటపడింది. అక్కడ ఫ్యూజులు కొట్టేసేవి, యంత్రం ఆగిపోయేది, అంతే. అన్నేళ్లూ రోగులను కాపాడినది ఆ అడ్డుకట్టే. చివరికి 1987లో థెరాక్-25కు కూడా విడి అడ్డుకట్టలు పెట్టించారు.

కాబట్టి నేను ప్రభుత్వాన్ని అడిగేది రెండే. హాని జరిగితే, జరగబోయి తప్పితే, వాడేవారూ చేసేవారూ ఇద్దరూ బయటి సంస్థకు చెప్పి తీరాలి. ప్రాణం మీదకు వచ్చే చోట, సాఫ్ట్‌వేర్ తప్పినా ఆపగల మరో అడ్డుకట్ట దాంతో సంబంధం లేకుండా ఉండాలి. ఈ రెండూ ఉంటే అనుమతి కాగితాలు సగానికి తగ్గించినా నాకు అభ్యంతరం లేదు.

జవాబు 3 (పర్యావరణ రసాయనశాస్త్రం బోధిస్తాను)

పై జవాబు నన్ను కదిలించింది, అయినా అందులో ఒక పెద్ద ఖాళీ ఉంది. నివేదించాలంటే ముందు హాని కంటికి కనబడాలి కదా? సీసం కలిపిన పెట్రోలు 1923లో అమ్మకానికి వచ్చింది. 1924లో న్యూజెర్సీలో దాన్ని తయారు చేసే కార్మికులు మతి చలించి చనిపోతే పత్రికలు గగ్గోలు పెట్టాయి. 1925లో అమెరికా ప్రభుత్వ వైద్యాధికారి సమావేశం పెట్టారు. నిషేధించడానికి తగిన కారణం కనబడలేదని నిపుణుల సంఘం తేల్చింది, పరిశోధన కొనసాగాలనీ చెప్పింది. ఆ పరిశోధన ఆ తర్వాత దశాబ్దాల పాటు సీసం పరిశ్రమ డబ్బుతోనే నడిచింది.

గాలిలో కలిసే సీసం పిల్లల మెదడును మెల్లగా దెబ్బతీస్తుంది. ఏ పిల్లవాడి తల్లి వెళ్లి, 'నా బిడ్డ తెలివి కొంచెం తగ్గింది, ఇదిగో కారణం' అని నివేదిక రాయగలదు? భూమి వయసును లెక్కగట్టడానికి రాళ్లలో సీసాన్ని కొలుస్తున్న క్లెయిర్ ప్యాటర్సన్ అనే శాస్త్రవేత్తకు తన ప్రయోగశాల అంతటా సీసం మురికే తగిలింది. అది ఎక్కడినుంచి వస్తోందని సముద్రజలాన్నీ మంచునూ కొలుచుకుంటూ పోయి, అది చాలావరకు పెట్రోలు వంటివాటి ద్వారా మనుషులు వదిలినదేనని 1965లో గట్టిగా చెప్పాడు. ఆ తర్వాత ఆయనకు నిధులు తగ్గాయి. రోడ్డు వాహనాలకు సీసం పెట్రోలు అమ్మిన చివరి దేశం అల్జీరియా 2021లో ఆపింది. దాదాపు వందేళ్లు.

మీ సాఫ్ట్‌వేర్ హాని కూడా ఈ రకానిదే కావచ్చు. వరుసలో వెనక్కి వెళ్లిన ఎక్స్‌రే వల్ల ఎవరి జబ్బు ఎంత ముదిరిందో ఎవరికి తెలుస్తుంది? అందుకే నేను ముందస్తు పరీక్ష వైపే ఉంటాను. ఆ పరీక్ష డబ్బు, పరీక్షకుడు తయారీదారు చేతిలో ఉండకూడదు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. మూడో జవాబులోని చివరి ప్రశ్న మా అందరి నోళ్లూ మూయించింది. ఐరోపా సమాఖ్య కృత్రిమ మేధ చట్టం 2024 ఆగస్టు 1న అమలులోకి వచ్చింది. తీవ్రమైన ఘటనలను తయారీదారు నివేదించాలని అందులో ఉంది. కానీ మా సాఫ్ట్‌వేర్ వల్ల ఆలస్యమైన రోగి విషయం 'ఘటన'గా మాకు కనబడనే కనబడదు. దీనికి మరో చట్టం వచ్చేదాకా ఆగకుండా మేమే ఏదైనా చేయగలమా? ఫిజిసిస్టు గారూ, మీ తలుపు మీట లాంటిది ఎక్స్‌రేల వరుసకు ఎలా పెట్టాలి?

రేడియేషన్ ఫిజిసిస్టు

పెట్టవచ్చండీ, కష్టం కాదు. వరుసను నిర్ణయించే మీ కృత్రిమ మేధ నమూనాకు (మోడల్‌కు) ఏ సంబంధమూ లేని ఒక మామూలు గడియారం పెట్టండి. ఏ ఎక్స్‌రే అయినా వైద్యులు ఒప్పుకున్న వ్యవధి దాటి ఎదురుచూస్తే, నమూనా దాన్ని ఎంత మామూలుదని అన్నా సరే, అది వరుసలో మొదటికి రావాలి. ఆ గడియారాన్ని ఆపే అధికారం మీ సాఫ్ట్‌వేర్‌కు ఉండకూడదు. ఆ వ్యవధి ఎంతో మీరు నిర్ణయించవద్దు, ఆసుపత్రి నిర్ణయించాలి.

కనబడని హాని విషయంలో జవాబు 3 రాసినవారి మాటతో ఏకీభవిస్తాను. నివేదికలు దానికి చాలవు, కొలత కావాలి. నేను యంత్రం మాట నమ్మకుండా విడి పరికరంతో కొలుస్తాను కదా, మీరూ అదే చేయండి. నమూనా వెనక్కి పంపినవాటిలోంచి రోజూ కొన్నింటిని ఏ ప్రత్యేకతా చూడకుండా తీసి, నమూనా ఏమన్నదో చెప్పకుండా ఒక రేడియాలజిస్టు చేత చదివించండి. తేడాలు ఎన్ని వచ్చాయో ఆసుపత్రికి నేరుగా వెళ్లాలి, మీ చేతుల మీదుగా కాదు. దీనికి డబ్బు అవుతుంది. ఇది అందరికీ తప్పనిసరి కాకపోతే, చేసే కంపెనీ ధరలో ఓడిపోతుంది, చేయనిది గెలుస్తుంది. ప్రభుత్వ నియమం ఖచ్చితంగా కావలసింది ఇక్కడే. మీ బృందంలో చిన్న కంపెనీ నలిగిపోతుందని అనేవారికి ఈ మాట చెప్పండి. ఇలాంటి నియమం లేకపోతే ముందుగా నలిగేది నిజాయితీగా కొలిచే చిన్న కంపెనీయే.

తృటిలో తప్పినవి రాయడానికి ఫారం తయారు చేస్తే, సాంకేతిక నిపుణులూ నర్సులూ రెండు నిమిషాల్లో నింపగలిగేలా ఉంచండి. ఆ సమయంలో తెరమీద కనబడినది ఉన్నదున్నట్టు రాయడానికి చోటు పెట్టండి. 54 లాంటి సంకేతాలకు అర్థం తెలియకపోయినా రాస్తారు. కారణాల జాబితాలో 'వినియోగదారుడి పొరపాటు' అనే గడి మాత్రం పెట్టవద్దు. అది ఉంటే సగం ఫారాల్లో దాన్నే టిక్కు పెడతారు, ఆ తర్వాత ఎవరూ కారణం వెతకరు.