బి విటమిన్ మాత్రలో ఉన్న రూపాన్నే కణం వాడుకుంటుందా?

ప్రశ్న

బి12 మాత్రల్లో సయనోకోబాలమిన్ ఒకటి, మిథైల్‌కోబాలమిన్ ఒకటి. ఫోలేట్‌లో ఫోలిక్ ఆమ్లం వేరు, మిథైల్‌ఫోలేట్ వేరు. బి6లో పిరిడాక్సిన్, పిరిడాక్సల్ ఫాస్ఫేట్ అని రెండు. "క్రియాశీల రూపం తీసుకుంటే కణం నేరుగా వాడేసుకుంటుంది, మిగతావి సగం వృథా" అంటున్నారు. ఇందులో నిజమెంత? ఇంకో సందేహం కూడా ఉంది. రక్తంలో బి12 మామూలు పరిధిలోనే ఉండి, హోమోసిస్టీన్ (బి విటమిన్లు తగ్గితే రక్తంలో పేరుకునే అమైనో ఆమ్లం) మాత్రం ఎక్కువ వస్తే ఎక్కడ వెతకాలి?

జవాబు

సీసా మీద రాసిన రూపం చాలావరకు కణంలోపలికి అలాగే చేరదండీ. దారిలో విప్పుతారు, లోపల మళ్లీ కడతారు.

ముందు బి6, బి2 చూడండి, సులువుగా అర్థమవుతాయి. పిరిడాక్సల్ ఫాస్ఫేట్‌కు ఋణావేశం ఉంటుంది కాబట్టి కణపొరను దాటలేదు. పేగు గోడ మీదున్న ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ దాని ఫాస్ఫేట్‌ను కోసేశాకే పిరిడాక్సల్ లోపలికి వెళ్తుంది. లోపల పిరిడాక్సల్ కైనేజ్ ఒక ఏటీపీ (కణంలో శక్తినిచ్చే అణువు) ఖర్చుపెట్టి ఫాస్ఫేట్ మళ్లీ తగిలిస్తుంది. కాలేయం దాన్ని రక్తంలోకి వదిలితే, ఇతర కణాల గుమ్మం దగ్గర ఇదే తంతు ఇంకోసారి. అంటే ఫాస్ఫేట్ తగిలించడం కణం లోపలినుంచి గడియ వేసుకోవడం లాంటిది: వచ్చిన విటమిన్ మళ్లీ జారిపోకుండా. బి2, బి1, బి5లలోనూ ఇదే కిటుకు. అందుకే ఫాస్ఫేట్ రూపానికి ఎక్కువ డబ్బు పెడితే ఆ ఫాస్ఫేట్‌లో చాలా భాగం పేగులోనే ఊడిపోతుంది. హైపోఫాస్ఫటేషియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు దీనికి నిదర్శనం. అందులో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ సరిగా పనిచేయదు. రక్తంలో పిరిడాక్సల్ ఫాస్ఫేట్ మామూలుకన్నా ఎక్కువే ఉంటుంది, మెదడు కణాలకు మాత్రం అందదు. తీవ్రంగా ఉన్న పసిపిల్లలకు మూర్ఛలొస్తాయి, అవి పిరిడాక్సిన్‌కు లొంగుతాయి.

మామూలు పిరిడాక్సిన్‌కు ఇంకో మెట్టు ఎక్కువ. కైనేజ్ ఫాస్ఫేట్ తగిలించాక దాన్ని పిరిడాక్సల్ ఫాస్ఫేట్‌గా మార్చే ఆక్సిడేజ్‌కు ఎఫ్ఎంఎన్ కావాలి. ఎఫ్ఎంఎన్ అంటే బి2 నుంచి తయారైనదే. బి2 కొరత ఉన్నవారికి బి6 ఎంత పోసినా పని కుంటుపడేది ఇక్కడే.

ఇక బి12. కోబాలమిన్ మధ్యలో కోబాల్ట్ పరమాణువు ఉంటుంది. దాని నెత్తిన సయనైడ్ ఉందా, మిథైల్ ఉందా అన్నదే మాత్రల పేర్లలో తేడా. పొట్టలో అది మొదట లాలాజలంతో వచ్చిన హాప్టోకోరిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. చిన్నపేగులో క్లోమరసం హాప్టోకోరిన్‌ను అరగదీశాక పొట్ట గోడ తయారుచేసే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్‌తో జతకడుతుంది. చిన్నపేగు చివరి భాగంలో క్యూబిలిన్ అనే గ్రాహకం ఆ జంటను లోపలికి తీసుకుంటుంది. రక్తంలో మోసేది ట్రాన్స్‌కోబాలమిన్. కణం ఆ వాహకంతో సహా మింగి, లైసోజోమ్‌లో (కణంలోని జీర్ణసంచిలో) వాహకాన్ని జీర్ణం చేసుకుని, బి12ను బయటికి తీస్తుంది. అప్పుడు ఎంఎంఏసీహెచ్‌సీ అనే ప్రోటీన్ కోబాల్ట్ నెత్తిన ఉన్నదాన్ని ఊడదీస్తుంది, అది సయనైడ్ అయినా సరే, మిథైల్ అయినా సరే.

అక్కడినుంచి రెండు దారులు. కొంత సైటోసాల్‌లో (కణంలోని ద్రవంలో), హోమోసిస్టీన్‌ను మిథియోనైన్‌గా మార్చే మిథియోనైన్ సింథేజ్ అనే ఎంజైముకు చేరి, మిథైల్‌ఫోలేట్ నుంచి కొత్త మిథైల్ తీసుకుంటుంది. మిగతాది మైటోకాండ్రియాకు వెళ్లి అడినోసిల్‌కోబాలమిన్‌గా మారి మిథైల్‌మలోనిల్ కోఏ మ్యూటేజ్ అనే ఎంజైముకు తోడవుతుంది. మీరు మాత్రలో కొన్న మిథైల్, ఎంజైము వాడే మిథైల్ ఒకటి కావు. ఎంఎంఏసీహెచ్‌సీలో పుట్టుకతో లోపమున్న అరుదైన వారికి సయనో రూపం సరిగా పనికిరాదు, వారికి హైడ్రాక్సోకోబాలమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. మిగతావారు రూపం కన్నా మోతాదును, మానకుండా వేసుకోవడాన్ని పట్టించుకోవాలి.

మోతాదు లెక్క ఇది: ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ దారి ఒక్కసారికి సుమారు 1.5 నుంచి 2 మైక్రోగ్రాములతో నిండిపోతుంది. ఆపైన ఉన్నదానిలో దాదాపు 1 శాతమే దానంతటది లోపలికి ఇంకుతుంది. 1000 మైక్రోగ్రాముల మాత్రకు అది సుమారు 10 మైక్రోగ్రాములు. పెద్దలకు రోజుకు కావలసింది 2.4 మైక్రోగ్రాములే కాబట్టి, ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అసలే లేనివారిలో కూడా పెద్ద మాత్ర పనిచేయడానికి కారణం ఈ 1 శాతమే. నరాల లక్షణాలు ఉంటే మాత్రం ఇంజెక్షన్‌తోనే మొదలుపెడతారు.

అనుబంధ ప్రశ్న

మరి ఫోలేట్‌లో? అక్కడ మిథైల్‌ఫోలేట్ నిజంగానే ఒక మెట్టు దాటుతుంది కదా?

జవాబు

దాటుతుంది, కానీ ఇంకోచోట ఇరుక్కుంటుంది.

ఫోలిక్ ఆమ్లం సహజంగా కణంలో ఉండే రూపం కాదు. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ దాన్ని రెండుసార్లు క్షయకరణం చేసి టెట్రాహైడ్రోఫోలేట్‌గా మార్చాలి. మనిషి కాలేయంలో ఈ ఎంజైము నిదానం కాబట్టి, మోతాదు పెరిగితే మారని ఫోలిక్ ఆమ్లం రక్తంలో కనబడుతుంది. మెథోట్రెక్సేట్ అడ్డుకునేది ఈ ఎంజైమునే. (ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపింది ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. దానికి వ్యతిరేకంగా పనిచేసే ఈ మందుల పుట్టుక కూడా అక్కడే.) కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవారు ఒక్క మాట గుర్తుంచుకోవాలి: అది వారానికి ఒకసారి వేసుకునే మందు, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

మిథైల్‌ఫోలేట్‌కు ఈ రిడక్టేజ్ అక్కర్లేదు. కానీ దాన్నుంచి మిథైల్ దిగాలంటే బి12 పట్టుకున్న మిథియోనైన్ సింథేజ్ ఒక్కటే దిక్కు. ఎంటీహెచ్ఎఫ్ఆర్ (కణంలో మిథైల్‌ఫోలేట్‌ను తయారుచేసే ఎంజైము) చేసే పని కణంలో వెనక్కి తిరగదు, ఇంకో తలుపు లేదు. బి12 లేకపోతే ఫోలేట్ అంతా మిథైల్ రూపంలో చిక్కుకుపోయి డీఎన్ఏకు కావలసిన థైమిడిలేట్ అనే ముడిసరుకు తయారీ ఆగుతుంది. రక్తకణాలు పెద్దవై, విభజన కాలేక మిగిలిపోతాయి. పైగా కణంలో ఫోలేట్ నిలవాలంటే దానికి గ్లుటమేట్ గొలుసు తగిలించాలి, ఆ పనిచేసే ఎంజైముకు మిథైల్ రూపం పెద్దగా నచ్చదు, టెట్రాహైడ్రోఫోలేట్ కావాలి. అందుకే బి12 కొరతలో సీరం ఫోలేట్ మామూలుగానో, ఎక్కువగానో ఉండి, ఎర్రకణాల్లో ఫోలేట్ తగ్గి కనిపిస్తుంది. సీరం అంకె చూసి "ఫోలేట్ పుష్కలంగా ఉంది" అనుకుంటే అక్కడే మోసపోతాం.

ఫోలిక్ ఆమ్లం రిడక్టేజ్ దారిన వస్తుంది కనుక బి12 లేకున్నా కొంతమేర డీఎన్ఏ పని జరిపిస్తుంది. రక్తహీనత సర్దుకుంటుంది, నరాలు లోపల దెబ్బతింటూనే ఉంటాయి. బి12 తేల్చుకోకుండా పెద్ద మోతాదు ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టొద్దనేది ఇందుకే. పెద్దలకు మాత్రల ద్వారా రోజుకు 1000 మైక్రోగ్రాములు దాటొద్దన్న హద్దు వెనుక ఉన్నదీ ఈ భయమే.

గర్భధారణకు ముందు వాడకంలో మాత్రం ప్రయోగాలు చేయకండి. శిశువు నాడీనాళం (తర్వాత మెదడు, వెన్నుపాముగా మారేది) మూసుకునేది గర్భం దాల్చిన 28 రోజుల లోపే, చాలామందికి గర్భమని తెలియకముందే. ఆ లోపాలను తగ్గిస్తుందని రుజువైనది ఫోలిక్ ఆమ్లం, రోజుకు 400 మైక్రోగ్రాములు, కనీసం నెల ముందునుంచి. ఎంటీహెచ్ఎఫ్ఆర్ జన్యువులో 677వ స్థానంలో తేడా ఉన్నవారికీ ఇదే.

మరో జవాబు (హోమోసిస్టీన్ సందేహానికి)

ముందు నమూనానే అనుమానించండి. రక్తం తీశాక కూడా ఎర్రకణాలు హోమోసిస్టీన్‌ను బయటికి వదులుతూనే ఉంటాయి. గది ఉష్ణోగ్రతలో గంటకు సుమారు 10 శాతం పెరుగుతుంది. గొట్టాన్ని వెంటనే ఐస్‌లో పెట్టి, గంటలోపు ప్లాస్మాను వేరు చేయాలి. అలా జరగకపోతే ఆ అంకె గురించి మాట్లాడుకోవడం దండగ.

నమూనా సరైనదే అయితే, బి12 అంకెను మళ్లీ చూడాలి. మామూలు పరీక్ష కొలిచేది మొత్తం బి12ను. అందులో ఎక్కువ భాగం హాప్టోకోరిన్‌కు అతుక్కుని ఉంటుంది, దాన్ని కాలేయం తప్ప కణాలు తీసుకోలేవు. కణాలకు అందేది ట్రాన్స్‌కోబాలమిన్ మీదున్న ఐదోవంతు మాత్రమే. అందుకని మిథైల్‌మలోనిక్ ఆమ్లం (బి12 తోడు లేక పైన చెప్పిన మ్యూటేజ్ ఆగితే పోగుపడేది) పరీక్ష చేయించండి. అది కూడా పెరిగి, మూత్రపిండాలు బాగుంటే బి12 కొరతే. అది మామూలుగా ఉండి హోమోసిస్టీన్ ఒక్కటే పెరిగితే ఫోలేట్ వైపు చూడాలి, తర్వాత బి6 (హోమోసిస్టీన్‌ను సిస్టథయోనిన్‌గా మార్చే ఎంజైముకు అది కావాలి), ఆపైన బి2. బి2ను చాలామంది మరిచిపోతారు. ఎంటీహెచ్ఎఫ్ఆర్ పట్టుకునేది ఎఫ్ఏడీని (ఇదీ బి2 నుంచి తయారైనదే), 677 తేడా ఉన్న ఎంజైము ఆ ఎఫ్ఏడీని సులువుగా జారవిడుస్తుంది. మూత్రపిండాల పనితీరు తగ్గితే హోమోసిస్టీన్, మిథైల్‌మలోనిక్ ఆమ్లం రెండూ పెరుగుతాయి కాబట్టి వాటి పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి. థైరాయిడ్ మందగించినా హోమోసిస్టీన్ పెరుగుతుంది. నైట్రస్ ఆక్సైడ్ (మత్తుకు వాడే వాయువు) పీల్చి ఉంటే అది కోబాల్ట్‌ను ఆక్సీకరించి మిథియోనైన్ సింథేజ్‌ను పనికిరాకుండా చేస్తుంది, బి12 అంకె మాత్రం మామూలుగానే ఉండవచ్చు. మెట్ఫార్మిన్ (మధుమేహం మందు), పొట్టలో ఆమ్లం తగ్గించే మాత్రలు ఏళ్ల తరబడి వాడుతున్నారా అనీ అడగాలి.

ఇవన్నీ మాత్రలు మొదలుపెట్టకముందే చేయించాలి. నాలుగు రోజులు బి12 వేసుకుని వెళ్తే సీరం అంకె పెరిగి దారి తప్పిస్తుంది.

అనుబంధ ప్రశ్న

బి కాంప్లెక్స్ వేసుకోగానే మూత్రం చిక్కటి పసుపు రంగులోకి మారుతుంది. అంతా బయటికి పోయినట్టేనా?

జవాబు

ఆ రంగు బి2 ఒక్కదానిదే. ఒక్కసారికి పేగు తీసుకోగలిగేది సుమారు 27 మిల్లీగ్రాములు. కణాలు ఎఫ్ఎంఎన్, ఎఫ్ఏడీలుగా మార్చి ప్రోటీన్లకు అతికించుకున్నంత ఉంచుకుని మిగతాది వదిలేస్తాయి. రంగు రావడం పేగు పీల్చుకుందనడానికి గుర్తు, మిగతా విటమిన్ల గురించి అది ఏమీ చెప్పదు. నయాసిన్ (బి3) వేసుకున్న అరగంటకు ముఖం ఎర్రబడి మండితే అది నికోటినిక్ ఆమ్లం. నికోటినమైడ్‌తో అలా జరగదు, రెండింటినుంచీ కణం తనకు కావలసిన ఎన్ఏడీ అనే సహఎంజైమును చేసుకుంటుంది.

మిగిలితే బయటికి పోతుందిలే అన్న ధీమా బి6 దగ్గర పనికిరాదు. పిరిడాక్సిన్ ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే చేతులు, కాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలుడు వస్తాయి. కొరత లక్షణాలూ ఇలాగే ఉంటాయి కాబట్టి ఇంకాస్త మోతాదు పెంచి చెడగొట్టుకుంటారు. అమెరికా హద్దు రోజుకు 100 మిల్లీగ్రాములు, ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో 12కు దించింది. క్షయకు ఐసోనియజిడ్ వాడేవారి సంగతి వేరు. ఆ మందు పిరిడాక్సల్‌కు అతుక్కుని దాన్ని పనికిరాకుండా చేస్తుంది, అందుకే నరాలు దెబ్బతినే అవకాశమున్నవారికి 25 నుంచి 50 మిల్లీగ్రాములు తోడుగా ఇస్తారు.

మరో జవాబు

పైన బి1 (థయామిన్) ప్రస్తావన తక్కువైంది, ప్రమాదం మాత్రం దానిలోనే ఎక్కువ. ఒంట్లో నిల్వ సుమారు 30 మిల్లీగ్రాములే, రెండు మూడు వారాల్లో అడుగంటుతుంది. దాని క్రియాశీల రూపమైన థయామిన్ పైరోఫాస్ఫేట్ లేనిదే పైరువేట్ (గ్లూకోజ్ విరిగితే వచ్చేది) మైటోకాండ్రియాలో అసిటైల్ కోఏ కాలేదు, లాక్టేట్‌గా పోగుపడుతుంది. కాబట్టి రోజుల తరబడి వాంతులైనవారికి, మద్యానికి బానిసలైనవారికి థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కించొద్దు. ఉన్న కాస్త థయామిన్ దానికే ఖర్చయి మెదడు దెబ్బతినవచ్చు. ఆ స్థితిలో మాత్రలు చాలవు, పేగు రవాణా పరిమితం, సిరలోకే ఇవ్వాలి. ఇచ్చినా మార్పు లేకపోతే మెగ్నీషియం చూడండి. పైరోఫాస్ఫేట్ తయారీకీ, అది ఎంజైముకు అతుక్కోవడానికీ మెగ్నీషియం కావాలి. పరీక్షకు పూర్తి రక్తం పంపండి, సీరం కాదు, ఎందుకంటే ఎక్కువ భాగం ఎర్రకణాల్లో ఉంటుంది.

ఇంకొకటి, బయోటిన్ (బి7). రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు, జుట్టు కోసం అమ్మే మాత్రల్లో 5 నుంచి 10 మిల్లీగ్రాములు ఉంటుంది. చాలా యంత్రాల్లో పరీక్ష పద్ధతే బయోటిన్, దాన్ని గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్ జంట మీద ఆధారపడుతుంది కాబట్టి రక్తంలో తేలే బయోటిన్ అంకెలను తారుమారు చేస్తుంది: థైరాయిడ్ పరీక్షల్లో టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా చూపి, లేని థైరాయిడ్ జబ్బును చూపిస్తుంది. గుండెపోటు తేల్చే ట్రోపోనిన్ తప్పుగా తక్కువ రావచ్చు. రక్తం ఇచ్చే ముందు కనీసం 2 రోజులు ఆపండి. అత్యవసరమైతే ఆపే వ్యవధి ఉండదు, అప్పుడు బయోటిన్ వాడుతున్నట్టు రక్తం తీసేవారికి చెప్పి చీటీ మీద రాయించండి.