సమస్య: ‘పూవు రేకులు లేకయే పొలుపు మీఱె’

నిర్వాహకుడు: ఈ తేటగీతి పాదం చివరిదిగా వచ్చేటట్లు ముందు మూడు పాదాలు కూర్చి, అశోకవృక్షపరంగా పూరించవలసిందిగా సభ్యులను కోరుతున్నాను. వీథుల వెంట నిటారుగా పెరిగే నరమామిడిని అశోకమని భ్రమించి పూరించవద్దు. దాని లేతాకుపచ్చ పూవుకు ఆరు రేకులుంటాయి కనుక అక్కడ సమస్యే పుట్టదు.

మొదటి పూరణ:
అతివ పాదము సోకిన యంతలోన
నాకు రాల్చిన కంకేళి నవ్వినట్లు
కెంపు కాంతుల గుత్తులఁ గీలుకొనిన
పూవు రేకులు లేకయే పొలుపు మీఱె.

నిర్వాహకుడు: ధార బాగుంది, స్త్రీ పాదం సోకితే కంకేళి, అంటే అశోకం, పూస్తుందనే ‘దోహద’ కవిసమయం చక్కగా ఒదిగింది. అయితే అశోకం సతతహరితం. పూతకు ముందు మోడుగా నిలిచే బూరుగు, మోదుగుల లక్షణాన్ని మీరు దీనికి అంటగట్టారు. ‘నాకుపచ్చని’ అంటే గణాలూ యతీ చెడకుండా దోషం తొలగుతుంది. అంతకంటె పెద్ద కొరత, రేకులు లేని పూవుకు ఆ పొలుపు ఎక్కడిదో పద్యం చెప్పకపోవడం.

మొదటి పూరణకర్త: ధన్యవాదాలండీ. ‘నాకుపచ్చని కంకేళి నవ్వినట్లు’ అని సవరిస్తున్నాను.

రెండవ పూరణ:
కాడ చివరను నాల్గు రక్షకము లమరి
పసుపు నారింజ యెఱుపుల వన్నె లీన
నిడుద కేసరమ్ములు బైట నిక్కి చూచు
పూవు రేకులు లేకయే పొలుపు మీఱె.

మరొక సభ్యురాలు: ఇది వృక్షశాస్త్ర పాఠంలా ఉంది కదా, ఇందులో రసమెక్కడుందండీ?

నిర్వాహకుడు: అమ్మా, ఇక్కడ చమత్కారమంతా ఆ శాస్త్రంలోనే ఉంది. అశోకపుష్పంలో ఆకర్షణ పత్రాలు, అంటే రేకులు, అసలే లేవు. కాడలా కనిపించే సన్నని గొట్టం చివర నాలుగుగా చీలిన రక్షక పత్రాలే (మామూలుగా మొగ్గను కప్పి ఉంచేవి) రంగు పూసుకొని రేకుల పని చేస్తాయి, వాటిని దాటి కేసరాలు పొడుగ్గా వెలికి వస్తాయి. విచ్చినప్పుడు పసుపుగా ఉన్న పూవు క్రమంగా నారింజ వన్నెకు, ఆపైన ఎఱుపుకు మారుతుంది కనుక ఒకే గుత్తిలో మూడు రంగులూ కనబడతాయి. రెండవ పాదంలోని వరుస సరిగ్గా ఆ క్రమమే. ‘కా’కు ‘క్ష’తో యతి చెల్లింది, ‘ప’కు ‘వ’తోనూ చెల్లింది. సమస్యలోని విరోధాన్ని చెట్టు స్వభావంతోనే పరిహరించిన ఈ పూరణను నేను మనసారా మెచ్చుకుంటున్నాను.

సభ్యురాలు: అంగీకరిస్తున్నాను. కాని ముదురు కొమ్మల మీద, ఒక్కొక్కసారి మాను మీద కూడా గుత్తులు పుట్టడం, రాగివన్నె లేతాకులు వ్రేలాడడం, రాత్రివేళ పరిమళం హెచ్చడం ఇంకా ఏ పూరణలోనూ రాలేదు.

నిర్వాహకుడు: నిజమే. వాటిని చేర్చి మీరే మూడవ పూరణ పంపండి. కందంలో కాదు, సమస్యాపాదం తేటగీతి కనుక తేటగీతిలోనే.