నరాల డాక్టర్ అంటే ఎవరు? ఆసుపత్రి బోర్డు మీద ఏం రాయాలి?

కృష్ణలంక_వాసి:
ఆసుపత్రుల్లో గదుల ముందు 'నెఫ్రాలజీ', 'గ్యాస్ట్రోఎంటరాలజీ' అని ఇంగ్లీషు మాటని తెలుగు అక్షరాల్లో పెట్టేసి చేతులు దులుపుకుంటున్నారు. మా పెద్దమ్మ రోజూ తెలుగు పేపర్ మొదటి పేజీ నుంచి చివరి దాకా చదువుతుంది, ఆవిడే ఆ బోర్డు ముందు నిలబడి ఇది దేనికిరా అని అడిగింది. గుండె డాక్టర్, కిడ్నీ డాక్టర్, ఎముకల డాక్టర్, నరాల డాక్టర్ అని జనం అనే మాటలే రాయాలని ప్రభుత్వం రూలు పెట్టాలి. మీరేమంటారు?

ఓపీ_కౌంటర్:
గుండె, కిడ్నీ వరకు మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. నరాల దగ్గరికి వచ్చేసరికే చిక్కు. నేను ఓపీ చీటీలు రాసే కౌంటర్లో కూర్చుంటాను కాబట్టి రోజూ చూసేదే చెప్తున్నా. మనవాళ్ళు రక్తం పారేదాన్నీ నరమే అంటారు, మెదడు నుంచి చేతికీ కాలికీ కబురు మోసేదాన్నీ నరమే అంటారు. సెలైన్ పెట్టేటప్పుడు "నరం దొరకట్లేదు" అంటామా, అది సిర. అందుకే పిక్కల మీద సిరలు నీలంగా మెలికలు తిరిగి ఉబ్బినవాళ్ళు కూడా వచ్చి నరాల డాక్టర్‌కి చీటీ రాయమంటారు. అది వెరికోస్ వీన్స్, వాళ్ళు చూపించుకోవాల్సింది రక్తనాళాలు చూసే వాస్కులర్ సర్జన్‌కి. ఫిట్స్, వణుకుడు, మైగ్రేన్ లాంటివాటికి మందులతో వైద్యం చేసేది న్యూరాలజిస్ట్, తలలో గడ్డకో వెన్నులో నొక్కుకుపోయిన నరానికో ఆపరేషన్ చేసేది న్యూరోసర్జన్. డిగ్రీలే వేరు, న్యూరాలజిస్ట్‌ది డీఎం, న్యూరోసర్జన్‌ది ఎంసీహెచ్. జనానికి మాత్రం అందరూ నరాల డాక్టర్లే. ఇక గోడల మీద 'నరాల బలహీనత' అని రాసే ప్రకటనలు దేని గురించో అందరికీ తెలుసు. ఆ మాట పట్టుకుని న్యూరాలజీ గది ముందు పొద్దున్నుంచీ కూర్చుని, లోపలికి వెళ్ళాక సిగ్గుతో నోరు విప్పలేక తిరిగి వచ్చేసిన కుర్రాళ్ళు ఉన్నారండి. చూస్తే జాలేస్తుంది.

తేటతెలుగు:
దీనికి హృద్రోగ నిపుణులు, మూత్రపిండ వైద్యులు, నాడీ వైద్యులు అని చక్కటి మాటలు ఎప్పట్నుంచో ఉన్నాయిగా. వాడితేనే అలవాటవుతాయి.

ఓపీ_కౌంటర్:
నాడీ వైద్యులు అంటే చెయ్యి పట్టుకుని నాడి చూసి మందిచ్చే ఆయుర్వేదం ఆయన అనుకుంటారండి. అది ఇంకో దారి తప్పడం.

మనసు_బాగుండాలి:
నరాల మాట తీసేయమంటే నేను ఒప్పుకోను. చాలా ఊళ్ళలో సైకియాట్రిస్టులు 'నరాల, మానసిక వ్యాధుల నిపుణులు' అని బోర్డు పెట్టుకుంటారు, చూసే ఉంటారు. కారణం మీకూ తెలుసు. హైదరాబాదులో ఎవరైనా "ఎర్రగడ్డకి తీసుకెళ్ళాలి" అంటే అది తిట్టు కింద లెక్క, అక్కడ మానసిక ఆసుపత్రితో పాటు ఛాతీ ఆసుపత్రి కూడా ఉందన్న సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. నిద్రపట్టక, గుండెదడతో, చచ్చిపోవాలన్న ఆలోచనలతో నలిగిపోతున్న మనిషి 'పిచ్చి డాక్టర్' దగ్గరికి పోతున్నానని ఇంట్లో ఎలా చెప్తాడు? "నరాల వీక్‌నెస్‌కి చూపించుకొస్తా" అని చెప్పి బస్సెక్కుతాడు. మా తమ్ముడు అలాగే వెళ్ళాడు, ఇప్పుడు మందులు వాడుతూ ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఆ ఒక్క మాట లేకపోతే వాడు గడప దాటేవాడు కాదు.

ఓరుగల్లు_బిడ్డ:
అన్నా, మీ తమ్ముడు బాగుపడ్డందుకు చాలా సంతోషం. కానీ అదే బోర్డు చూసి ఫిట్స్ వచ్చే పిల్లాణ్ణి తీసుకొచ్చినవాళ్ళ సంగతేంది? నాకు అసలు కోపం 'షుగర్ డాక్టర్' మీద. ఆ మాట ఏ డిగ్రీకీ కట్టుబడి లేదు. డీఎం ఎండోక్రైనాలజీ, అంటే హార్మోన్ల జబ్బుల చదువు, చదివినాయనకీ అదే పేరు, ఎండీ జనరల్ మెడిసిన్ చేసినాయనకీ అదే, ఎంబీబీఎస్ తర్వాత చిన్న సర్టిఫికెట్ కోర్సు చేసినాయనకీ అదే. మెడికల్ కౌన్సిల్ 2002లో తెచ్చిన నియమావళిలో, ఆ విభాగంలో ప్రత్యేక అర్హత లేకుండా స్పెషలిస్టునని చెప్పుకోకూడదని స్పష్టంగా ఉంది. రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లోనూ, రాసిచ్చే చీటీ మీదా కనపడాలని కూడా ఉంది. డిగ్రీ తీసేసి ఒట్టి వాడుక మాట రాయమంటే ఈ కాస్త అడ్డు కూడా పోతది.

కృష్ణలంక_వాసి:
డిగ్రీ తీసేయమని నేను అనలేదండి. అది ఉండాలి. దాని పక్కన మాకు అర్థమయ్యే ముక్క ఒకటి ఉండాలి అంటున్నా.

ఓపీ_కౌంటర్:
అయితే డాక్టర్ పేరుకి తెలుగు వెతకడం మానేసి ఆ గదిలో చూసే జబ్బులు రాయించండి. న్యూరాలజీ కింద "ఫిట్స్, పక్షవాతం, వణుకుడు, విడవని తలనొప్పి". సైకియాట్రీ కింద "నిద్రలేమి, దిగులు, భయాలు, తాగుడు మాన్పించడం". అప్పుడు పిచ్చి అన్న మాటా ఉండదు, నరాల ముసుగూ అక్కర్లేదు. అన్నిటికన్నా దీనివల్ల మేలు జరిగేది కీళ్ళవాతం చూసే రుమటాలజీకి. పొద్దున్నే చేతి వేళ్ళ కీళ్ళు వాచి గంటసేపు బిగుసుకుపోయే ఆడవాళ్ళు ఎముకల డాక్టర్ దగ్గరికే తిరుగుతుంటారు, నొప్పి బిళ్ళలు మింగుతుంటారు, ఈలోపు కీళ్ళు వంకర్లు పోతాయి. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి మందులు ఎంత త్వరగా మొదలుపెడితే కీళ్ళు అంత దక్కుతాయి. ఆ విభాగం ఒకటుందనే చాలామందికి తెలియదు. ఆరోగ్యశ్రీ కింద వచ్చేవాళ్ళకి ఆరోగ్యమిత్రలు దారి చూపిస్తారు, మిగతావాళ్ళకి ఆ బోర్డే దిక్కు.

ఒక్క పక్షవాతానికి మాత్రం ఏ బోర్డూ చూడకండి. మూతి వంకర పోయినా, మాట తడబడినా, ఒక చెయ్యి పడిపోయినా సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి నేరుగా తీసుకెళ్ళండి. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్‌కి ఉన్న టైము, లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే. పసర్లనీ, పావురం రక్తం రాయడమనీ ఆ గంటలు పోగొట్టుకుని మర్నాడు వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

మనసు_బాగుండాలి:
జబ్బులు రాయడం బాగుంది, కాదనను. కానీ 'దిగులు, భయాలు' అని రాసి ఉన్న గది ముందు మా ఊరివాడెవడైనా చూస్తాడేమో అన్న భయం అలాగే ఉంటుంది కదండీ. కనీసం ప్రైవేటు క్లినిక్‌ల వరకైనా ఆ నరాల మాట ఉంచండి అంటాను, దీని మీద మాత్రం నా మాట మారదు.

ఓరుగల్లు_బిడ్డ:
ఉంచితే ఉంచనీ అన్నా. పక్కన డిగ్రీ, నంబరు పెద్దక్షరాలతో రాయనీ.