గాజు తొట్టెలో మొక్కలు కుళ్ళిపోతున్నాయి, కప్పలు అద్దం దిగడం లేదు. ఎవరైనా చెప్పండి

పటమట కుర్రాడు:
పొద్దున్న పదింటి నుంచి దీని మీదే కూర్చున్నాను, ఇప్పుడు సాయంత్రం ఆరు. నా చెట్టు కప్పలకి గాజు తొట్టెలో నిండా మొక్కలు పెట్టి అడవిలా చేశాను. మూడు వారాలు కూడా కాలేదు, అడుగు నుంచి కుళ్ళిన కోడిగుడ్డు వాసన. మొక్కల మొదళ్ళు నల్లబడి పట్టుకుంటే జారిపోతున్నాయి. కప్పలు రెండూ పైన అద్దానికి అతుక్కుని ఉన్నాయి, కిందికి రావు. రెండు రోజుల నుంచి తినలేదు. వీడియోలో చెప్పినట్టే రోజుకి ఆరుసార్లు నీళ్ళు స్ప్రే చేస్తున్నాను, తేమ 90 శాతానికి తగ్గనివ్వలేదు. తప్పెక్కడో తెలియక టెన్షన్‌గా ఉంది.

సింగ్‌నగర్ 2:
ఏ కప్ప? మూత ఏంటి? మట్టి ఏంటి?

చెరువుగట్టు:
బాబూ, ముందు నా మాట విను. మన వైపు వానలు మొదలైతే బాత్రూముల్లో, పూలకుండీల పక్కన కనబడే గోధుమరంగు చెట్టు కప్పని పట్టుకొచ్చావా? పాలిపెడేటిస్ మాక్యులేటస్ అంటారు దాన్ని. నీళ్ళ మీదికి వంగిన కొమ్మకో తొట్టి గోడకో తెల్లటి నురుగు గూడు కట్టి అందులో గుడ్లు పెడుతుంది. పిల్లలు ఆ నురుగులోంచి జారి నీళ్ళలో పడతాయి. మా పెరట్లో నీళ్ళ తొట్టి అంచున ప్రతి ఏడూ చూస్తాను, పిడికెడు సబ్బు నురుగు ఎండి గట్టిపడినట్టు ఉంటుంది. దాన్ని గాజులో పెట్టాల్సిన పని లేదు. ఒక తొట్టిలో నీళ్ళు పెట్టి, పురుగుమందు మానేస్తే అదే నీ దగ్గరికి వస్తుంది. వదిలెయ్యి.

పటమట కుర్రాడు:
అయ్యో, పట్టినవి కాదు సార్, కొన్నవి. డంపీ అన్నారు. చీటీ మీద వైట్ ట్రీ ఫ్రాగ్ అని రాశారు. కానీ నావి ఆకుపచ్చగా ఉన్నాయి. వేరేవి అంటగట్టారా?

కృష్ణలంక ఆక్వా:
తెల్లగా ఉండవు తమ్ముడూ. వైట్ కాదు, వైట్స్. 1790లో దాన్ని మొదట పుస్తకంలో వర్ణించిన జాన్ వైట్ అనే డాక్టరు పేరు. ఆస్ట్రేలియా, న్యూగినీ వైపు కప్ప. శాస్త్రీయ నామం సెరూలియా, అంటే నీలం. భద్రపరిచిన ద్రావకంలో పసుపు రంగు పోయి నీలంగా కనిపించిందట, ఆ పేరే నిలిచిపోయింది. నీవి సరైనవే.

సింగ్‌నగర్ 2:
ముందే చెప్పాల్సింది. ఆరుసార్లు నీళ్ళు ఆపు.

బ్రాడీపేట మొక్కలు:
అదే అసలు సంగతి అండీ. మీరు చూసిన వీడియో బహుశా ఎర్రకళ్ళ కప్పది అయ్యుంటుంది, అది మధ్య అమెరికా తడి అడవుల్లోది. డంపీకి పగలు 50 నుంచి 70 శాతం తేమ చాలు. ఒకసారి స్ప్రే చేస్తే మళ్ళీ చేసేలోపు ఆకుల పైభాగం ఆరాలి. మూత, మట్టి సంగతి చెప్పలేదు మీరు.

పటమట కుర్రాడు:
మూత పూర్తి గాజు. అక్వేరియం తొట్టె కదా, దానితోనే వచ్చింది. మట్టి నర్సరీలో అమ్మే కుండీ మట్టే, వర్మీ కంపోస్టు కలిపింది. అడుగున ఏమీ వెయ్యలేదు. తొట్టె పడమటి కిటికీ పక్కన ఉంది, అది చెప్పక్కర్లేదనుకున్నాను.

బ్రాడీపేట మొక్కలు:
చెప్పాల్సింది అదే అండీ! గాలి ఆడని గాజు డబ్బా, రోజంతా నీళ్ళు, ఎరువున్న మట్టి. అడుగున నిలిచిన నీళ్ళలో గాలి లేక కుళ్ళు సూక్ష్మజీవులు పుట్టి ఆ వాసన ఇస్తున్నాయి. కప్ప చర్మంతోనే నీళ్ళు పీల్చుకుంటుంది, అమ్మోనియా అయినా ఎరువు ఉప్పయినా లోపలికి పోతుంది. అందుకే అవి పైకెక్కి కూర్చున్నాయని నా అనుమానం. ఇవాళే వాటిని తీసి, తడిపిన టిష్యూ వేసిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి, మూతకి చిల్లులు ఉండాలి. మట్టంతా పారెయ్యండి.

మళ్ళీ కట్టేటప్పుడు అడుగున రెండు అంగుళాలు మట్టి గోళీలు గానీ, కప్ప నోట్లో పట్టనంత కంకర గానీ. దాని మీద దోమతెర గుడ్డ, దాని మీద మూడు నాలుగు అంగుళాల కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొడి. ఇటుకలా వచ్చే కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది. బకెట్లో నానబెట్టి మూడుసార్లు నీళ్ళు మార్చి, చివరిసారి గట్టిగా పిండండి. గుప్పిట్లో నొక్కితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కాదు. ఒక మూలన సన్నని పైపు నిలబెట్టి ఉంచండి, అడుగున నీరు చేరితే దాంట్లోంచి లాగెయ్యవచ్చు. మొక్కలు మనీ ప్లాంటు, సింగోనియం, స్నేక్ ప్లాంటు లాంటి గట్టివే. పెరిగిన డంపీ పది సెంటీమీటర్లు ఉంటుంది, మెత్తటి ఫెర్న్ మీద దూకితే అణిగిపోతుంది. కడియం నుంచి వచ్చినా ఇక్కడ నర్సరీలో కొన్నా, వేళ్ళ మట్టంతా కడిగి నెల రోజులు బయట పెట్టాకే లోపల నాటండి. వాటికి కొట్టిన మందు పోవాలి.

గుంటూరు టెర్రేరియం:
ఇలా కప్పలున్న గాజు తొట్టెని వివేరియం అనాలి, టెర్రేరియం కాదు.

కృష్ణలంక ఆక్వా:
నీ పేరులోనే టెర్రేరియం ఉంది కదా అన్నా.

గుంటూరు టెర్రేరియం:
మొక్కలకే అయితే టెర్రేరియం. జీవి కూడా ఉంటే వివేరియం. నీళ్ళ భాగం కూడా కలిస్తే పాలుడేరియం.

సింగ్‌నగర్ 2:
కప్పకి తేడా తెలీదు.

చెరువుగట్టు:
తేడా తెలుసుకోవడం మంచిదే. నేను చెప్పేది ఇంకొకటి. కొన్న కప్పలని ఎప్పుడూ బయట వదలకు. ఆ తొట్టె నీళ్ళు బందరు కాలువలో, ఏలూరు కాలువలో పొయ్యకు. వాటితో రోగం బయటి కప్పలకి అంటుకోవచ్చు. కప్పల చర్మాన్ని తినే కైట్రిడ్ బూజు ప్రపంచంలో ఎన్నో కప్ప జాతులని తుడిచిపెట్టింది. ఇంట్లో బొద్దింకలని కూడా వాటికి మేతగా పెట్టకు, మందు తిన్నవి ఉంటాయి.

కృష్ణలంక ఆక్వా:
మా పంపు నీళ్ళలో క్లోరిన్ వాసన వస్తుంది. రాత్రి బకెట్లో మూత లేకుండా ఉంచితే చాలావరకు పోతుంది, క్లోరిన్ బదులు క్లోరమైన్ కలిపిన నీళ్ళయితే అలా పోదు, చేపల షాపులో దొరికే, దాన్ని విరిచే చుక్కల మందు వెయ్యండి. ఎండ సంగతి మర్చిపోకండి. 24 నుంచి 29 డిగ్రీలు వాటికి హాయి. మే నెలలో పడమటి కిటికీ పక్క గాజు అంటే ఉడకబెట్టినట్టే. మూత తీసేసి సన్నని స్టీలు జాలీ బిగించండి, గట్టిగా పట్టుకునేలా చూసుకోండి, తోసి బయటికి దూకుతాయి.

పటమట కుర్రాడు:
కిటికీ దగ్గర నుంచి జరిపాను. కప్పలు డబ్బాలో ఉన్నాయి. రాత్రి తొమ్మిదింటికి చూస్తే చిన్నది గొంతు ఆడిస్తూ కింద టిష్యూ మీద కూర్చుంది. మూడు పురుగులు వేస్తే రెండు తినేసింది. పెద్దది ఇంకా తినలేదు. కోకోపీట్ నానబెట్టాను. దాని మీద ఎండు మామిడాకులు పరచవచ్చా?

పటమట కుర్రాడు:
వివేరియానికి స్టీలు జాలీ గవర్నర్‌పేటలో దొరికింది. థ్యాంక్స్ అందరికీ.