పదకొండేళ్ల నల్ల కారు: మెషిన్ పాలిష్ చేయించాలా, గీతలతోనే ఉంచాలా?

నల్లబండి:
నాన్న వాడిన కారు ఇప్పుడు నా చేతికి వచ్చింది. పదకొండేళ్ల బండి, నలుపు రంగు. చివరి మూడేళ్లు ఎండకూ వానకూ అలాగే ఉండిపోయింది. నీడలో చూస్తే పర్వాలేదు. ఎండలోకి తెస్తే బానెట్ నిండా సాలెగూడులా గీతలు, సూర్యుడి మెరుపు చుట్టూ గుండ్రంగా. వ్యాక్స్ వేస్తే రెండు వారాలు మెరిసింది, మళ్లీ మామూలే. మెషిన్ పాలిష్ చేయిస్తే కొత్తదానిలా అవుతుందని ఒకరన్నారు. ఉన్న పెయింట్ కాస్తా పోతుందని ఇంకొకరు భయపెట్టారు. ఎవరి మాట వినాలి?

చేతిపని:
చేయించండి. నేను పన్నెండేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. ఆ గీతలు నిజానికి గుండ్రంగా ఉండవు. గుడ్డ ఎటు తిరిగితే అటు పడ్డ సన్నగీతలు అవి. వెలుతురుకు అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కాబట్టి చక్రంలా కనిపిస్తాయి. వ్యాక్స్ వాటిని కప్పుతుంది, తీయదు. తీయాలంటే చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను, అంటే రంగు మీదుండే పారదర్శక పొరను, గీత అడుగుదాకా సమం చేయాలి. పాలిష్ అంటే అదే.

గీత మీద గోరు ఆడించి చూడండి. గోరు తట్టుకుంటే అది లోతైనది, దాని జోలికి పోకండి. తట్టుకోకపోతే పోతుంది. బండి బాగా కడిగాక చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడిగి బానెట్ నిమరండి. గరగరలాడితే ముందు క్లే బార్ పట్టించాలి, అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద అది. ఆ మురికి మీదే మెషిన్ పెడితే కొత్త గీతలు పడతాయి.

పొరలెక్క:
వద్దండి. క్లియర్ కోట్ మందం ఎంతో తెలుసా? సాధారణంగా 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుక కంటే పల్చన. రంగును ఎండ నుంచి కాపాడేది ఆ పొరే. ఒకసారి తీసేస్తే మళ్లీ పెరగదు. నా పాత కారును ఒక వర్క్‌షాప్‌లో ఇచ్చాను. రోటరీ మెషిన్‌తో చేశారు. డోర్ అంచు దగ్గర బొటనవేలి గోరంత మచ్చ, క్లియర్ కోట్ మొత్తం పోయింది. తర్వాత దాని చుట్టూ పొర లేవడం మొదలైంది. పెయింట్ వేయించక తప్పలేదు.

చేతిపని:
అంచుల దగ్గర టేప్ వేయకపోవడం వాళ్ల తప్పు, పాలిష్‌ది కాదు. రోటరీ ఒకేచోట తిరుగుతుంది, వేడి అక్కడే పోగవుతుంది. డ్యూయల్ యాక్షన్ మెషిన్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది, అందుకే వేడి పరుచుకుంటుంది. మెత్తటి ప్యాడ్, సన్నటి పాలిష్‌తో ఒక విడత చేస్తే పోయేది ఒకటి రెండు మైక్రాన్లు.

పొరలెక్క:
ఒకటా, రెండా? రెండింటికీ తేడా రెట్టింపు. కాంపౌండ్ వేస్తే, అదే ఎక్కువ అరగదీసే గరుకు పాలిష్ వేస్తే, ఎంత? ఆ లెక్క చెప్పరేం?

రెండుబకెట్లు:
గీతలు ఎలా వచ్చాయో ఎవరూ అడగడం లేదు. దుమ్ము పట్టిన బండిని పొడిగుడ్డతో తుడిస్తే వస్తాయి. సబ్బు నీళ్లకు ఒక బకెట్, గుడ్డ జాడించడానికి ఇంకో బకెట్ పెట్టుకోండి. అది మారకుండా పాలిష్ చేయిస్తే ఆరు నెలల్లో మళ్లీ ఇక్కడికే వస్తారు.

చేతిపని:
కాంపౌండ్‌కు మూడు, నాలుగు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పెయింట్ గట్టిదనాన్ని బట్టి, ప్యాడ్‌ను బట్టి మారుతుంది. పెయింట్ మందం చూపే మీటర్ పెట్టి కొలుస్తూనే చేస్తాం కదా.

పొరలెక్క:
మీటర్ కొలిచేది రేకు మీదున్న మొత్తం మందం. ప్రైమర్, రంగు, క్లియర్ కోట్ కలిపి. 120 అని చూపిస్తే అందులో క్లియర్ కోట్ ఎంతో మీకెలా తెలుస్తుంది? తెలియదు. తెలియని లెక్కతో పక్కవాడి బండి అరగదీయడానికి మీకు చేతులెలా వస్తాయి?

మసకరంగు:
నాదీ నలుపే. గమనిస్తున్నాను.

చేతిపని:
మాట జాగ్రత్తండి. పనికి ముందు, పని తర్వాత కొలిస్తే ఎంత పోయిందో తెలుస్తుంది, నాకు కావలసింది అదే. ఎవరో చేసిన తప్పుకు ఈ పని చేసేవాళ్లందరినీ దొంగల్ని చేయడం న్యాయం కాదు. మోకాళ్ల మీద రెండు రోజులు కూర్చుని చేసే పని ఇది.

పొరలెక్క:
దొంగలని నేను అనలేదు. మీరు అడిగించుకున్నారు కాబట్టి మొత్తం చెబుతాను. అంచు కాలడం వల్ల కాదు నాకు కోపం వచ్చింది. ఆ రోజు బండిని నీడలో నిలబెట్టి నా చేతికిచ్చారు. గ్లేజ్ పూసి గీతల్ని నూనెతో నింపేశారు. మూడు కడుగుళ్లకు సగం గీతలు తిరిగొచ్చాయి. అంచున ఏమైందని అడిగితే "ముందునుంచే అలా ఉంది" అన్నారు. మందం ఎంత ఉంది, ఎంత తీశారు, ఒక్క ముక్క చెప్పలేదు. ఆ బండి ఇంకో పదేళ్లు వాడుకోవాలనుకున్నాను నేను.

చేతిపని:
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత రాద్ధాంతం అయ్యేది కాదు. గ్లేజ్ పూసి ఇవ్వడం మోసమే. నేనైతే పాలిష్ అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, లైట్ కింద చూపించి ఇస్తాను. నూనె పోయాక మిగిలిందే అసలు పని.

కానీ నా బాధ కూడా వినండి. లోతైన గీత వదిలేద్దామంటే వినే యజమాని తక్కువ. "ఒక్కటి కూడా ఉండకూడదు" అంటారు. పోవాలంటే కాంపౌండ్, ఇంకో విడత, ఇంకో విడత. వద్దని చెప్పే ధైర్యం నాకు ఆరేడేళ్లకు గానీ రాలేదు.

పొరలెక్క:
నేనూ అక్కడే ఆగమంటున్నాను. నూటికి డెబ్బై పోతే చాలని ముందే ఒప్పుకోవాలి. మిగతావి ఉండనివ్వాలి. మీరేమో మొదటి జవాబులోనే చేయించండి అని తీర్పిచ్చేశారు.

చేతిపని:
డెబ్బై నాకు సరిపోదు. వీలైనంత తీయాలి, కొలుచుకుంటూ. ఇక్కడ మనిద్దరికీ కుదరదు.

నల్లబండి:
ఇద్దరికీ థాంక్స్. నిన్న సాయంత్రం బండి కడిగి, క్లే బార్ పట్టించి, సన్నటి పాలిష్‌తో చేత్తోనే చిన్న చిన్న చోట్ల రుద్ది చూశాను. బానెట్ మీద తెల్ల గుడ్డ తెల్లగానే ఉంది. ఎడమవైపు ముందు డోర్ మీద మాత్రం గుడ్డ నల్లబడింది. మురికేమోనని మళ్లీ తుడిచి, కొత్త గుడ్డతో చేశాను. మళ్లీ నలుపే వచ్చింది.

చేతిపని:
అయితే ఆ డోర్ మీద క్లియర్ కోట్ లేదన్నమాట. ఎప్పుడో మళ్లీ పెయింట్ వేయించి ఉంటారు, సింగిల్ స్టేజ్ పెయింట్, పైన క్లియర్ కోట్ లేకుండా రంగు ఒక్కటే వేసేది. లేదా ఉన్న క్లియర్ కోట్ అరిగిపోయి రంగు బయటపడి ఉండాలి. రెండోదైతే మెషిన్ అస్సలు పెట్టకండి.

నల్లబండి:
నాన్న ఆ డోర్‌కు పెయింట్ వేయించినట్టు నాకెప్పుడూ చెప్పలేదు. దెబ్బ తగిలిన ఆనవాలు కూడా కనిపించడం లేదు. కానీ పక్కన నిలబడి చూస్తే ఆ డోర్ నలుపు బానెట్ నలుపులా లేదు. కాస్త గోధుమ ఛాయ ఉంది.

పొరలెక్క:
మనం నిన్నంతా వాదించిన లెక్కలు ఆ డోర్‌కు పనికిరావు. దాన్ని ప్రస్తుతానికి వదిలేయండి, వ్యాక్స్ వేసి ఉంచండి. మీటర్ ఉన్నవాళ్లెవరైనా దగ్గరుంటే ముందు డోర్, వెనక డోర్ పక్కపక్కనే కొలిపించండి. ముందుది 250, 300 దాటి చూపిస్తే మళ్లీ పెయింట్ వేసినట్టే. వెనకదానికంటే తక్కువ చూపిస్తే అరిగినట్టు.

చేతిపని:
ఆ మాటకు నేనూ సరే. బానెట్ మీద రెండడుగుల చదరం టేప్ వేసి, మెత్తటి ప్యాడ్‌తో ఒక్క విడత చేయించుకుని, ఎండలో చూడండి. అది చాలనిపిస్తే అక్కడితో ఆపేయండి. చాలదనిపిస్తే నన్ను అడగండి, ఆయన్ని కాదు.

నల్లబండి:
ఆదివారం రెండు డోర్ల లెక్కా కొలిచి ఇక్కడే రాస్తాను. అప్పటిదాకా గుడ్డ ముట్టుకోను.

రెండుబకెట్లు:
పొడిగుడ్డ అయితే ఆ తర్వాత కూడా ముట్టుకోకండి.